బాటనీ రికార్డులో మిగిలిన పేజీలు

నాకు బొమ్మలు గీయడం రాదు. జాకెట్టు గుడ్డ మీద చాక్‌పీసుతో గీత పెట్టమంటే వంకర లేకుండా పెడతాను. ఎదురుగా ఉన్న చెంబును చూసి చెంబు గీయమంటే మాత్రం అది బకెట్టు అవుతుంది. అయినా ఆ ఎండాకాలమంతా రోజూ కూర్చుని గీశాను. గీయకపోతే నాకు పిచ్చెక్కేది.

మా బిడ్డ చచ్చిపోదామనుకుంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే. సమయానికి చూశాం, నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయాం, బతికింది. ఇంత తక్కువ మాటల్లో చెప్పగలుగుతున్నానంటే, వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పి చెప్పి ఎంత అరగదీశానో మీరే అనుకోండి. ఒక సబ్జెక్టు పోయినందుకే ఇంత పని చేసుకుంటారా అని మా వాడకట్టంతా నోరు నొక్కుకుంది. అది ఒక్కటే కారణమైతే నాకు ఇంత భయం ఉండేది కాదు, సప్లిమెంటరీ రాయించేదాన్ని. ఆ పిల్ల లోపల ఏముందో నాకు అప్పుడు తెలియదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

దవాఖానలో కౌన్సెలింగ్ చేసే మేడం ఇంటికి పంపే ముందు నన్ను పక్కకు పిలిచింది. "పిల్లను ఒక్కదాన్ని వదిలిపెట్టకండి. ఎందుకు చేసినవని గుచ్చి గుచ్చి అడగకండి. పక్కన కూర్చొని మీ చేతిపని ఏదన్న మీరు చేసుకోండి" అన్నది. నా చేతిపని కుట్టుమిషనే, పిల్లేమో చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతోంది అని చెప్పాను. "అయితే రోజూ కంటికి కనబడిన వస్తువు ఒకటి బొమ్మ గీసి, కింద రెండు మాటలు రాయండి. మనసు కుదురుతది. అది కూడా ధ్యానమే" అన్నది. నాకు ఒళ్లు మండిపోయింది. నా బిడ్డ చావు దగ్గరికి పోయి వస్తే నేను చిన్నపిల్లలాగ బొమ్మలు వేసుకుంటూ కూర్చోవాలా! అయినా తల ఊపాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా ఊపేదాన్ని. గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టమన్నా పెట్టేదాన్ని.

ఇంట్లో వెతికితే తెల్లకాగితాలున్న పుస్తకం ఒక్కటే దొరికింది, పిల్ల బాటనీ రికార్డు. ఒక పక్క బొమ్మకు తెల్లపేజీ, ఇంకో పక్క రాతకు గీతల పేజీ. ముందు సగమంతా మా బిడ్డ గీసినవే. వేరు కోత, ఆకు కోత, మందారపువ్వును నిలువునా కోసిన బొమ్మ, ప్రతి భాగానికీ పక్కకు గీత లాగి ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు. వెనక సగం ఖాళీ. తీసుకోనా అని అడిగితే గోడ వైపు తిరిగి పడుకుంది. వద్దనలేదు కాబట్టి తీసుకున్నాను.

మా ఆయనది ట్రాలీ ఆటో. పసుపు దినాల్లో పల్లెల నుంచి యార్డుకు బస్తాలు తోలతాడు. కనుబొమ్మల దాకా పసుపు దుమ్ముతో ఇంటికొస్తాడు, ఆ మనిషి తువ్వాలు ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడదు. దవాఖాన నుంచి వచ్చిన రోజు కాళ్లు కూడా కడుక్కోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంట్లో తలుపులన్నిటికీ లోపలి గొళ్లేలు ఊడదీశాడు. బాత్‌రూమ్‌ది కూడా. మిద్దె మెట్ల తలుపుకు తాళం వేసి చెవి నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత పిల్ల స్నానానికి పోయినప్పుడల్లా నేను బయట నిలబడేదాన్ని. లోపల మగ్గు చప్పుడు ఆగితే నా గుండె ఆగేది.

మొదటి బొమ్మ చెంబే. సాయంత్రం మా ఆయన తొంగి చూసి, "గిదేంది, బకెట్టా?" అన్నాడు.

"చెంబు."

"మరి గీ కాడేంది?"

"కాడ కాదయ్యా, నీడ."

ఫక్కున నవ్వాడు. వెంటనే నవ్వకూడని చోట నవ్వినట్టు మొహం మాడ్చుకుని బయటికి పోయి ఆటోలో కూర్చున్నాడు. అక్కడ ఏడ్చి ఉంటాడు. నేను చూడటానికి పోలేదు. నా ఏడుపే నాకు సరిపోయింది.

మేడం చెప్పినట్టు మనసు కుదిరిందా అంటే, లేదు. ఆమెకు వినబడేలా చెప్పాలని ఉంది, లేదు మేడం, కుదరలేదు. ఒకనాడు మా ఆయన జేబులో మిగిలిన పసుపు కొమ్మును ముందు పెట్టుకున్నాను. దాని కణుపులు, విరిచిన చోట ఉన్న నారింజ రంగు, ఒక పక్క ఎండి ముడుచుకున్న తోలు, అన్నీ చూస్తూ గీస్తుంటే చేయి వణకడం తగ్గింది. అంతే. భయం భయంలాగే ఉంది. కాకపోతే గీత ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేదాకా దాన్ని కాస్త ఆగమనగలిగాను. ధ్యానమంటే అదేనేమో, నాకు తెలియదు. మునగబోయే మనిషి, ఈత గురించి ఎవరేం చెప్పినా, చేతికి దొరికిందే పట్టుకుంటుంది.

చెంబులూ కొమ్ములూ అయిపోయాక పిల్లనే గీయడం మొదలుపెట్టాను. దుప్పటి బయటికి వచ్చిన పాదం. మంచం మీద వాలిన చేయి. వీపు మీద జడ. నిజం చెప్తున్నాను, అది బొమ్మల మీద మోజు కాదు. ఊరికే తేరిపార చూస్తే పిల్ల మొహం తిప్పుకుంటుంది, గీస్తున్నానంటే చూడనిస్తుంది. దుప్పటి లేస్తోందా, పడుతోందా, అది చూసుకోవడానికి నాకొక నెపం. రికార్డు కదా అని దానిలాగే నేనూ గీతలు లాగి బొటనవేలు, మడమ, పట్టీ అని పేర్లు పెట్టాను. కింద రాసేది దాదాపు ఒకటే. "ఇవాళ పెరుగన్నం కొంచెం తిన్నది. మాట్లాడలేదు." "ఇవాళ తల దువ్వనిచ్చింది. మాట్లాడలేదు."

ఒకనాడు పొద్దున ఏడాదికి సరిపడా పసుపు కొమ్ములూ మిరపకాయలూ మిద్దె మీద ఎండబోశాను. దిగి వచ్చి మెట్ల తలుపుకు తాళం వేయడం మరిచాను. మధ్యాహ్నం జక్రాన్‌పల్లి నుంచి ఒకామె పెళ్లి జాకెట్ల కోసం వచ్చింది. ఎండలో బస్సు దిగి వచ్చిన మనిషిని ఎట్లా పొమ్మంటాను? చేతులు మోచేతి దాకానా, ఇంకా పైకా అని ఆమె తేల్చుకునేసరికి ఆలస్యమైంది. ఆమెను పంపి లోపలికి వస్తే మంచం ఖాళీ.

బాత్‌రూమ్ చూశాను. వంటింట్లో చూశాను. గల్లీలోకి ఉరికి అటూ ఇటూ చూశాను. తిరిగి వస్తుంటే మెట్ల తలుపు బార్లా తీసి కనబడింది. మెట్లు ఎట్లా ఎక్కానో తెలియదు. మిరపకాయలు తొక్కుకుంటూ, కొమ్ములు తన్నుకుంటూ పిట్టగోడ దాకా ఉరికి కిందికి చూశాను. కింద ఎవరి స్కూటరో ఉంది. అంతే.

"అమ్మా" అని వినబడింది.

నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఉంది. ఒళ్లో రికార్డు, చేతిలో స్కేలు, పెన్సిలు. "లేబుల్ గీతలు గిట్ల ఒకదాని మీదికెళ్లి ఒకటి పోవద్దు. మార్కులు కట్ చేస్తరు" అన్నది.

ఇంటికి వచ్చాక అది నాతో మాట్లాడిన మొదటి మాట అది. నేను దాని చెంప పగలగొట్టాను. మరుక్షణమే దాన్ని గుండెకు అదుముకుని గొంతు చించుకుని ఏడ్చాను. అది ఏడవలేదు. నన్ను పట్టుకుని కూర్చుంది.

"గీడికి ఎందుకొచ్చినవే?"

"నువ్వేం రాస్తున్నవో చూద్దామని తెచ్చుకున్న. కింద నువ్వు ఉంటవ్ గదా." పేజీలు తిప్పింది. "అన్నిట్ల మాట్లాడలే, మాట్లాడలే అనే రాసినవ్."

"అందుకే వచ్చినవా? నిజం చెప్పు."

రికార్డు మూసి స్కేలు దాని మీద పెట్టింది. "కొద్దిసేపు గా పిట్టగోడ దిక్కు చూసిన" అన్నది.

ఎందుకని అడగొద్దన్నారు, అడగలేదు. కాని ఇంకో మాట అన్ని రోజులూ అడగకుండా దాచుకున్నాను. ఇక ఆపలేకపోయాను. "బతకాలని ఉన్నదా బిడ్డా నీకు?"

దూరంగా సిద్ధుల గుట్ట నల్లరాళ్ల వైపు చూసింది. "తెల్వది" అన్నది. రికార్డు నా చేతిలో పెడుతూ, "రేపు అడుగు" అన్నది.

ఆ సాయంత్రమే మేడంకు ఫోన్ చేశాం. తెల్లారి తీసుకుపోతే మందులు మార్చారు. నేను అడిగిన మాట చెప్పి, తప్పు చేశానా అని భయంభయంగా చూశాను. "మంచి పని చేసిన్రమ్మా, అడుగుతుండండి" అన్నది మేడం.

అప్పటి నుంచి రోజూ అడిగాను. బొమ్మ కింద దాని జవాబు రాశాను. పిల్లే స్కేలు పెట్టి గీతలు సరిచేసేది. ఎక్కువగా "తెల్వది." ఒకనాడు "జర ఉన్నది." ఇంకొకనాడు "ఇయ్యాల లేదు" అన్నది. ఆ రోజు మా ఆయన ఆటో తీయలేదు, ఇద్దరం దాని మంచానికి చెరొక పక్క కూర్చున్నాం. అడిగే ముందు ప్రతిరోజూ భయంగానే ఉండేది. జవాబు విన్నాక కూడా అట్లాగే ఉండేది. దేనికీ అలవాటు పడలేదు.

శ్రావణం పెళ్లిళ్లు దగ్గరపడ్డాయి, జాకెట్లు మీద పడ్డాయి. మిషన్ చప్పుడుకు పిల్ల ఇప్పుడు ఉలిక్కిపడటం లేదు. ఒకనాడు పొద్దున కూర్చున్నదాన్ని తల ఎత్తలేదు. పొద్దు వాలుతుండగా పిల్ల వచ్చి గడపలో నిలబడింది. ఏదో కావాలేమో అనుకుని, "ఆకలైతుందా?" అన్నాను.

"ఇయ్యాల అడుగలే నువ్వు."

కాలు మిషన్ మీదే ఆగిపోయింది. అడిగాను.

"తెల్వది" అన్నది. "గని అడుగుడు బంద్ చెయ్యకు."