జానెడు ఎక్కువ కట్టిన నెట్టు

చేతిలో వల అల్లే వెదురు సూది లేకుండా అంకమ్మను చూసినవాళ్ళు చినలంకలో లేరు. బస్సు కోసం నిలబడినా, రేషను షాపు వరసలో ఉన్నా, ఎవరింట్లోనైనా గొడవ జరుగుతుంటే ఎదురింటి అరుగు మీద కూర్చుని వింటున్నా, ఆ సూది ఆడుతూనే ఉండేది. నాగాయలంక దాటాక కృష్ణ పాయ ఒడ్డున ఉన్న ఊరు అది. వల అల్లేవాళ్ళకి అక్కడ కొదవ లేదు. కానీ చేపలు పట్టని వల అల్లింది మాత్రం అంకమ్మ ఒక్కతే.

తుఫాను షెల్టరు ముందున్న ఖాళీ స్థలంలో మగపిల్లలు వాలీబాల్ ఆడేవారు. వాళ్ళ నెట్టు ఎప్పుడూ చిరిగి వేలాడుతుండేది. దారిన పోతూ అది చూసి ఆవిడ ఊరుకోలేకపోయింది.

"ఇదేం వలరా? దున్నపోతు దూరి అవతలికెళ్ళినా తెలీదు!" అని తిట్టి, నాలుగు రోజుల్లో నైలాను దారంతో కొత్తది అల్లి తెచ్చిచ్చింది.

ఇచ్చిన మనిషి ఊరికే వెళ్ళిపోతుందా? ఆ గీత దాటితే ఏమవుతుంది, బంతిని మూడుసార్ల కంటే ఎక్కువ ఎందుకు ముట్టుకోకూడదు, ఆ ఈల వేసేవాడెవడు, వాడి మాట మీరంతా ఎందుకు వినాలి, అన్నీ అడిగింది. నెల తిరిగేసరికి ఈల కంటే ముందు ఆవిడ గొంతే వినబడేది, బంతి అవతల పడిందని.

ఆ మగపిల్లలు బాగానే ఆడారు. బాగా ఆడినందుకే ఒక్కొక్కరూ ఊరు దాటారు. ఒకడికి పోలీసు ఉద్యోగం వచ్చింది, ఒకడికి రైల్వే. ఇద్దరిని దుబాయిలో ఏదో కంపెనీ తమ టీములో ఆడటానికి తీసుకెళ్ళింది. తొంభై ఎనిమిది వచ్చేసరికి రెండు ఇనప స్తంభాలూ, వాటి మధ్య అంకమ్మ అల్లిన నెట్టూ మిగిలాయి. ఎవరో దాని మీద దుప్పటి ఆరేసుకున్నారు. అది చూసి ఆవిడకు ఒళ్ళు మండింది.

తిన్నగా హైస్కూలుకెళ్ళి డ్రిల్లు మాస్టారు జీవానందం గారిని పట్టుకుంది.

"మాస్టారూ, మగపిల్లలు లేకపోతే ఊళ్ళో ఆడపిల్లలు లేరా?"

"ఉన్నారమ్మా. ఇళ్ళల్లోంచి పంపద్దూ?"

"ఎందుకు పంపరో నేనెళ్ళి అడుగుతాను కదా."

అక్కడే ఊరు ఓడిపోయింది. అంకమ్మ అరుగెక్కి ప్రశ్నలు మొదలుపెడితే దీపాలు పెట్టేవేళ దాకా లేవదని అందరికీ తెలుసు. దానికంటే పిల్లని ఆటకు పంపడమే సుఖమనుకున్నారు. పదిమంది వచ్చారు. వాళ్ళలో పొడుగ్గా, కొబ్బరాకు ఈనెలా ఉండే హిమబిందు ఒకతి. వాళ్ళమ్మా నాన్నా చేపల చెరువుల మీద కూలికెళ్ళేవారు. సైకిలు షాపు చాంద్ కూతురు ఫిజా అందరికంటే చిన్నది, అందరికంటే గొంతు పెద్దది.

జీవానందం గారు ఆరు నెలలు నేర్పారు. చేతులు ఎలా కట్టాలి, బంతి ఎలా తీయాలి, సర్వీసు ఎలా వేయాలి, అన్నీ నేల మీద పాఠాలే. నెట్టు దగ్గర ఎగిరి షాటు కొట్టే పాఠం మొదలుపెట్టే లోపే ఆయనకు నందివాడ బదిలీ అయింది.

"రోజూ ఆడించండి అంకమ్మగారూ, మానిపించకండి," అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆవిడ మానిపించలేదు. పాత కొక్కేలకే నెట్టు తగిలించి కట్టింది. మొదట్లో ఒక్క పిల్ల చెయ్యి కూడా నెట్టు అంచు దాటేది కాదు. ఫిజా అయితే ఎగిరి ఎగిరి బొక్కబోర్లా పడేది.

"అత్తా, ఇది మనవల్ల కాదు. ఆకాశంలో కట్టావు!"

"మగపిల్లలు దాటలేదా? వాళ్ళకేమైనా రెక్కలున్నాయా? ఎగరండి!"

ఎగిరారు. ఏడాది ఎగిరారు, రెండేళ్ళు ఎగిరారు. మూడో ఏడు హిమబిందు మోచెయ్యి నెట్టు మీదుగా కనిపించడం మొదలైంది.

రెండువేల ఒకటి మాఘమాసంలో గుడివాడలో ఆడపిల్లల వాలీబాల్ పోటీలని కబురొచ్చింది. పోటీకి వెళ్ళాలంటే క్లబ్బు రిజిస్టరు చేయించాలి, దానికో ప్రెసిడెంటు ఉండాలి. ఊళ్ళో పెద్ద రైతు పున్నారావు గారిని అడిగారు. ఆయన జెర్సీలు కుట్టించడానికి ఒప్పుకున్నారు గానీ, "ఓడిపోయే టీముకి నా పేరెందుకు లెండి," అని తప్పుకున్నారు. దాంతో ప్రెసిడెంటు అంకమ్మే అయింది. సంతకం కోసం వారం రోజులు పలక మీద తన పేరు దిద్దుకుంది. 'అం' దగ్గర సున్నా ఒక్కటే చాలా పెద్దది వచ్చేది.

పామర్రులో బస్సు మారి గుడివాడ చేరారు. గ్రౌండులో అడుగుపెట్టగానే హిమబిందు ఆగిపోయింది.

"అత్తా, నెట్టు జారిపోయింది."

అంకమ్మ చూసింది. నిజమే, చాలా కిందికి ఉంది. విసవిసా వెళ్ళి నిర్వాహకుల బల్ల ముందు నిలబడింది.

"ఏవండీ, ఇంత పెద్ద పోటీ పెట్టి నెట్టు బిగించుకోలేకపోయారా? మా పిల్లలు మేకపిల్లలనుకున్నారా, గెంతుకుంటూ అవతలికి పోవడానికి?"

బల్ల దగ్గరాయన టేపు తీసి మరీ చూపించాడు. "ఆడపిల్లల నెట్టు ఇంతే అమ్మా. రెండు మీటర్ల ఇరవై నాలుగు. మగపిల్లలదైతేనే ఇంకా ఎత్తు."

"ఎంత ఎత్తు?"

ఆయన చేత్తో చూపించాడు. కాస్త తక్కువగా జానెడు.

నందివాడ నుంచి తన పిల్లల్ని తీసుకుని వచ్చిన జీవానందం గారు ఆ మాట విని పరుగెత్తుకొచ్చారు. "అంకమ్మగారూ! ఈ మూడేళ్ళూ మగపిల్లల కొక్కేలకే కట్టారా?"

"కొక్కేలకి మగా ఆడా ఉంటుందని మీరు చెప్పారా?"

ఆయన తల పట్టుకున్నారు. "తప్పు నాదేనమ్మా. చెప్పడం మర్చిపోయాను."

ఆ రోజు మొదటి నాలుగు షాట్లూ హిమబిందు గీత అవతలే కొట్టింది. అలవాటైన ఎత్తు నుంచి బంతి ఎక్కడికో పోయింది. ఐదోది మాత్రం ఎదుటి పిల్ల కాళ్ళ ముందు పడి దాని తల మీదుగా లేచింది. ఆ తర్వాత ఇక అడ్డులేదు. ఇంటి దగ్గర మోచేతిదాకా లేచిన పిల్లలు ఇక్కడ భుజం దాకా కనిపించారు. జనం కుర్చీలు వదిలి గీతల దగ్గరికొచ్చి నిలబడ్డారు.

సాయంత్రానికి కప్పు చినలంక చేతికొచ్చింది. తిరిగొచ్చాక, నెట్టు దించుదామా అని ఫిజా అడిగింది.

"ఎందుకే దించడం? ఎక్కినవాళ్ళు ఎక్కారు కదా," అంది అంకమ్మ.

అది చేతులు మారే కప్పు. ఏడాది ఉంచుకుని మళ్ళీ పోటీలనాటికి గుడివాడలో అప్పజెప్పాలి. వరసగా మూడేళ్ళు గెలిస్తే మాత్రం ఇక ఆ ఊరికే సొంతం. అంకమ్మ ఆ కప్పును చింతపండు పెట్టి, బూడిద పెట్టి తోమితోమి పూత సగం ఊడగొట్టింది.

"అది కప్పా, నీళ్ళ బిందా?" అని పున్నారావు గారు లబోదిబోమన్నారు.

రెండో ఏడూ గెలిచారు. అప్పుడు అంకమ్మ వడ్రంగిని పిలిచి షెల్టరు గదిలో గోడకు ఒక చెక్క వేయించింది, మూడో ఏడు గెలిచాక కప్పు శాశ్వతంగా పెట్టడానికి. రోజూ పొద్దున్నే ఆ చెక్క తుడిచేది.

సరిగ్గా ఆ మూడో ఏడే, పోటీలు రెండు వారాల్లో ఉన్నాయనగా, హిమబిందు పేర ఒక కవరు వచ్చింది. జిల్లా జట్టు తరఫున రాష్ట్ర పోటీల్లో ఆమె ఆడిన ఆట చూసినాయన ఎవరో మాల్దీవుల్లో ఒక క్లబ్బుకి చెప్పాడట. అక్కడ లీగు పోటీలు జరుగుతాయి, జీతమిచ్చి ఆడించుకుంటారు. ఆ రాష్ట్ర పోటీలప్పుడు అందరితోపాటు తీయించిన పాస్‌పోర్టు ఉంది. టిక్కెట్టు వాళ్ళే పంపుతారు. కావలసిందల్లా, మా క్రీడాకారిణిని పంపడానికి మాకు అభ్యంతరం లేదని సొంత క్లబ్బు ప్రెసిడెంటు సంతకం చేసిన కాగితం. పిల్ల ఇరవయ్యో తారీకు లోపల అక్కడుండాలి. గుడివాడ ఫైనలు ఇరవయ్యారున.

హిమబిందు అమ్మానాన్నలను అడిగితే, "మాకేం తెలుసు? అంకమ్మ ఎలా అంటే అలా," అన్నారు.

పున్నారావు గారు ఆ సాయంత్రమే వచ్చారు. "సంతకం పెట్టద్దని నేననట్లేదు అంకమ్మా. ఓ వారం ఆగి పెట్టు. అడిగితే నువ్వు ఊళ్ళో లేవని చెబుదాం."

"నేను ఊళ్ళో లేకపోతే ఎవరికైనా తెలిసిపోతుంది బాబూ. అంతా ప్రశాంతంగా ఉంటుంది."

"నవ్వులాటకి కాదు. కప్పు మన పేరు మీద ఉండిపోతుంది. ఆ పిల్ల లేకుండా గెలుస్తామా? నువ్వే చెప్పు."

గెలవరని ఆవిడకీ తెలుసు. ఆ కప్పు మీద పున్నారావు గారికున్న ఆశ కంటే ఆవిడకున్నది పదింతలు.

మర్నాడంతా అంకమ్మ ఎవర్నీ ఏమీ అడగలేదు. పక్కింట్లో అల్లుడు దిగాడు, ఎందుకొచ్చాడని అడగలేదు. బస్సు గంట ఆలస్యంగా వచ్చింది, ఎక్కడ ఆగిందని అడగలేదు. ఒంట్లో బాలేదేమోనని ముగ్గురు వచ్చి నుదురు పట్టి చూసి వెళ్ళారు.

సాయంత్రం ఆట అయిపోయాక హిమబిందు వచ్చి పక్కన కూర్చుంది.

"నేను వెళ్ళనత్తా. కప్పు తెచ్చాకే ఏదైనా."

"ఆగుతారా వాళ్ళు?"

"ఆగరు. వేరే అమ్మాయిని తీసుకుంటారట."

అంకమ్మ సూది కాసేపు ఆడి ఆగింది. "అక్కడ నెట్టు ఎంతెత్తు?"

"గుడివాడలో ఉన్నంతే. ఎక్కడైనా అంతేనట."

"ఎదురు ఆడేవాళ్ళెవరు?"

"ఏయే దేశాల వాళ్ళో వస్తారట. నాకంటే జానెడు పొడుగున్నవాళ్ళు కూడా ఉంటారట."

"భయమా?"

హిమబిందు నెట్టు వైపు చూసింది. "ఎలా ఆడతారో చూడాలని ఉందత్తా," అంది.

ఇంకేదన్నా చెప్పి ఉంటే అంకమ్మ ఏమనేదో. జీతమంటే లెక్కలడిగేది, పేరంటే వెక్కిరించేది. కానీ చూడాలని ఉండటం అంటే ఏమిటో ఆ ఊళ్ళో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పుట్టినప్పటి నుంచి ఆవిడను ఇంటింటి అరుగూ ఎక్కించింది అదే. ఊరంతా ఎంత విసుక్కున్నా నోరు మూయనివ్వనిదీ అదే. అంత కోరికను వారం రోజులు ఆగమనడానికి ఆవిడకు నోరు రాలేదు.

"కాగితం పట్రా," అంది.

షెల్టరు మెట్ల మీద కూర్చుని, పెద్ద సున్నాతో సంతకం చేసింది. కింద కార్బను పెట్టించి నకలు తను ఉంచుకుంది.

"ఒక్క మాట. నీ చోటు ఖాళీగా వదిలి వెళ్ళకు. ఉన్న ఈ నాలుగు రోజుల్లో ఫిజాని నిలబెట్టి వెళ్ళు."

"నేనా? ఆ చోట్లోనా? నేను దానిలో సగం ఉంటానత్తా!" అని మెట్ల కింద బంతులు సర్దుతున్న ఫిజా ఊరు అదిరేలా అరిచింది.

"నోరు రెట్టింపుందిగా. సరిపోతుంది."

హిమబిందు బయలుదేరిన పొద్దున దాకా ఇద్దరూ నెట్టు దగ్గరే ఉన్నారు. పొట్టిపిల్లకి ఎత్తు ఎలా వస్తుందని అంకమ్మ అడిగితే, ఎత్తు కాదు, ఎప్పుడు ఎగరాలో తెలియాలని హిమబిందు చెప్పింది. ఆ మాట ఫిజా పట్టుకుంది.

ఫైనల్లో బందరు టీము ఎదురైంది. హిమబిందు లేదని వాళ్ళకి ముందే తెలుసు, నవ్వుకుంటూ దిగారు. మొదటి సెట్టు వాళ్ళదే. రెండోది ఫిజా లాక్కుంది. మూడోది వాళ్ళది, నాలుగోది మళ్ళీ చినలంకది. అప్పటికి బందరు పిల్లల్లో ఒక్కరికీ నవ్వు మిగల్లేదు. ఐదో సెట్టు పదమూడు దగ్గర సమానమైంది. అక్కడ చినలంక సర్వీసు ఒకటి చేజారింది. చివరి బంతికి ఫిజా సరిగ్గా లేవవలసిన క్షణంలోనే లేచింది, కొట్టింది. బంతి నెట్టు అంచు మీద తగిలి, ఆగి, ఇటువైపే పడింది.

ఫిజా అక్కడే కూలబడి ఏడుపు మొదలుపెట్టింది. గుడివాడ జనం మాత్రం నిలబడి ఓడినవాళ్ళకే చప్పట్లు కొట్టారు. అంకమ్మ, పూత ఊడిన ఆ కప్పును చీర కొంగుతో మరోసారి తుడిచి, బందరు కెప్టెను చేతిలో పెట్టింది.

"చింతపండు పెట్టకు తల్లీ. ఊడిపోతుంది."

తిరుగు వ్యానులో పామర్రు దాటాక పున్నారావు గారు వెనక్కి తిరిగి, "ఏమైనా, ఆ పొట్టిపిల్ల ఆడింది," అన్నారు.

మూడో రోజు ఎస్టీడీ బూతుకి హిమబిందు ఫోన్ చేసింది.

"గెలిచామా అత్తా?"

"ఓడాం. పదిహేను పదమూడు. నువ్వు నిలబెట్టిన పిల్ల ఐదో సెట్టు దాకా లాక్కెళ్ళింది."

అవతల ఏడుపు వినబడింది.

"ఏడవకే, బిల్లు ఎక్కుతుంది. అది సరే, జానెడు పొడుగువాళ్ళు వచ్చారా?"

"వచ్చారు."

"వాళ్ళ మీంచి కొట్టావా?"

"కొట్టాను."

"ఎన్ని?"

ఆ పూట బూతు ముందు నిలబడిన జనమంతా ఆ లెక్క వినే ఇళ్ళకెళ్ళారు.

ఆ కప్పు వరసగా మూడేళ్ళు చినలంకలో ఎప్పుడూ నిలవలేదు. ఒకసారి గెలిచేవారు, ఈలోపు ఎవరికో కవరు వచ్చేది. ఫిజా రెండేళ్ళ తర్వాత అదే క్లబ్బుకి వెళ్ళింది. తర్వాత ఇంకో ఇద్దరు. రెండువేల ఎనిమిది నాటికి షెల్టరు గదిలో కప్పు కోసం వేయించిన చెక్క మీద నాలుగు కార్బను నకళ్ళు అద్దాల పటాల్లో నిలబడి ఉన్నాయి.

"కప్పు పెట్టేచోట కాగితాలేంటి అంకమ్మా?" అని పున్నారావు గారు అడిగారు.

"కప్పు ఏడాదికోసారి వెనక్కి పోతుంది బాబూ. నా సంతకం ఎవరు పట్టుకుపోతారు?"

ఆ ఏడే హైస్కూలుకి కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చాడు. కుర్రాడు, హుషారైనవాడు. మొదటి సాయంత్రమే గ్రౌండుకొచ్చి టేపు తీసి నెట్టు కొలిచి కంగారుపడ్డాడు.

"అమ్మా, ఇది మగపిల్లల ఎత్తండీ! ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా?"

ఆడుతున్న పిల్లలంతా ఆగి కిసుక్కుమన్నారు. మెట్ల మీద కూర్చుని కొత్త నెట్టు అల్లుకుంటున్న అంకమ్మ తల ఎత్తకుండానే అంది:

"తెలుసు బాబూ. ఆ టేపు జేబులో పెట్టుకోండి. ఇంతకీ మీది ఏ ఊరు?"