ప్లస్ బటన్ నొక్కాక కనిపించిన పార

మా పెద్దవాడు బోటుకి మ్యాపు చూపించే జీపీఎస్ పెట్టించింది రెండు వేల సంవత్సరం దాటాక. అంతకుముందు చేపల వేటకి మా మామగారి ఆనవాళ్లే దారి. తొంభైల్లో ఆయన చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను. స్టీలు ప్లాంటు పొగగొట్టం యారాడ కొండ అంచును తాకినట్టు కనిపించే చోట ఒక పార, అంటే నీటి అడుగున రాతిగుట్ట. దాని మీద లోతు పదిహేడు బారలు, చుట్టూ ఇరవై నాలుగు. ఆయన చేతులు చాపించి టేపుతో బారను కొలిచి అదీ రాశాను. ఆరు అడుగులు.

జీపీఎస్ పెట్టించిన ఏడాది మాకు ఒక్క వలే మిగిలింది. రెండోది రాయికి పట్టుకుని చిరిగిపోయింది. వేటకి వెళ్లే ముందురోజు, జెట్టీకి కట్టిన బోటులో కూర్చుని వాడు తెర మీద వల లాగబోయే చోటు చూపించాడు.

“సూడమ్మా, తాత సెప్పిన పార ఏదీ? నున్నగా ఉంది. నలభై నాలుగు మీటర్లంట.”

“ఊరూ సముద్రమూ అంతా అరసెయ్యంత తెరలో పెట్టీసి రాయి అవుపడలేదంటావేట్రా? దగ్గరికి తే.”

“మిషను కన్నా నీ పుస్తకం గొప్పదేటి?” అంటూనే ప్లస్ బటన్ నొక్కాడు.

ఊరు తెర దాటిపోయింది. మళ్లీ నొక్కితే కొండ కూడా పోయింది. అంతవరకూ వట్టి నీలంగా ఉన్న చోట అంకెలు పైకి తేలాయి. నాలుగోసారికి చిన్న వలయం, అందులో ముప్పై ఒకటి.

పుస్తకం వెనక పేజీలో లెక్క వేశాను. పదిహేడు ఆర్లు నూట రెండు అడుగులు. మీటర్లలోకి మారిస్తే ముప్పై ఒకటి. ఇరవై నాలుగు బారలకి నలభై నాలుగు. రెండోసారి వేసినా అంతే. తాడుకి సీసం కట్టి దించిన మా మామగారూ, ఏ ఓడలోంచో కొలిచిన ముఖం తెలియని మనుషులూ ఒకే రాయిని తాకారు.

పుస్తకంలో దానికి తూర్పున ఇంకో పార ఉంది. వాడు నొక్కుతూ పోయాడు. వలయం పెద్దదవుతోంది తప్ప కొత్త అంకె ఒక్కటీ రాలేదు.

“అది నేదమ్మా.”

“కొలిసినోలు అటు ఎల్నేదేమో. మీ తాతెల్లాడు.”

వాడు తెరనీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఆ ఖాళీ నీలంలో సొంతంగా ఒక గుర్తు పెట్టి, వల ఇంకోచోట వేస్తానన్నాడు.

ఆ గుర్తు చుట్టూ ఉన్న నీలాన్ని చూస్తూ కూర్చున్నాను. ఎన్నిసార్లు నొక్కినా అంకె రాని నీరు ఎంత ఉంటుందో లెక్క కట్టడం నాకు చేతకాలేదు.