నాయుడన్న హాబీ

ఇన్నేళ్ళుగా ఎవరైనా నన్ను నిజాయితీ గల ఆఫీసరు అన్నప్పుడల్లా ఒక మాట నోటిదాకా వచ్చేది. మింగేసేవాణ్ణి. ఇవాళ మీతో చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో ఢిల్లీ కటవారియా సరాయ్‌లో ఒక గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం, సివిల్స్‌కి చదువుతూ. నేను గుంటూరు కాన్వెంటు సరుకు. నాయుడన్నది విజయనగరం దగ్గర పల్లె, తెలుగు మీడియం. నాకింకా ప్రయత్నాలు మిగిలి ఉన్నాయి. ఆయనకు వయసు దాటిపోతోంది, అదే ఆఖరు.

నాయుడన్నకు లాటిన్ పిచ్చి. మేనమామ కంటోన్మెంటులో హవల్దారు. ఆదివారాలు అక్కడికి భోజనానికి వెళ్ళి, దగ్గర్లోని యుద్ధకాలపు సమాధుల మధ్య తిరిగేవాడు. విమానదళం వాళ్ళ రాళ్ళ మీద "పెర్ ఆర్డువా అడ్ ఆస్ట్రా" అని చూసి, అదేమిటో తెలియక డిక్షనరీ చివరి పేజీల్లో వెతికాడు. "త్రూ అడ్వర్సిటీ టు ద స్టార్స్." కష్టాలు దాటుకుంటూ చుక్కల దాకా. ఒక రాయి కింద ఉన్న కుర్రాడికి ఇరవై ఏళ్ళయినా నిండలేదని నాకు చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఏ స్కూలు గేటు మీద లాటిన్ మాట కనిపించినా ఆగిపోయేవాడు. ఇంగ్లీషులో అర్థం పట్టుకుని, దాన్ని తెలుగులో చెప్పుకుని మురిసిపోయేవాడు. "ఎస్సె క్వామ్ విడేరి" అంటే "టు బి, రాదర్ దాన్ టు సీమ్". కనిపించడం కాదు, ఉండటం. అది నాకు నేర్పింది ఆయనే.

ఇంటర్వ్యూకి ఇద్దరికీ పిలుపొచ్చింది. పంపాల్సిన కాగితాల్లో హాబీ అని ఒక గడి. మా సరాయ్‌లో ఆ గడి నింపడం ఒక పెద్ద తంతు. జన్మలో స్టాంపులు దాచనివాడు స్టాంపుల సేకరణ అని రాసేవాడు. కుండీలో ఒక్క మొక్కయినా లేనివాడు తోటపని అనేవాడు. నాయుడన్న ఒక్కడే నిజం రాశాడు: లాటిన్ మోటోలు, వాటి అర్థాలు. నా గడి ఖాళీ. పాఠాలు బట్టీ పట్టడం తప్ప నాకేం చేతనవును? చేతిని అడ్డం పెట్టుకుని, నేనూ అదే రాశాను.

అప్పుడేమనుకున్నాను? ఇంతమందిలో ఇద్దరం ఒకే బోర్డు ముందుకు వెళ్తామా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అనుకున్నట్టు ఆ తర్వాత నాకు నేను సర్దిచెప్పుకున్నానా?

నా ఇంటర్వ్యూ ముందు వచ్చింది. ఛైర్మన్‌గారికి ఆ హాబీ తెగ నచ్చింది. సమాధుల మధ్య తిరిగింది నేనైనట్టు, ఆ కుర్రాడి వయసు చదివి కదిలిపోయినట్టు చెప్పాను. గొంతు కూడా వణికించాను. సిగ్గు లేకుండా, చాలా బాగా చేశాను.

ఆ వారంలోనే నాయుడన్న అదే బోర్డు ముందు కూర్చున్నాడు. తిరిగొచ్చి టై కూడా విప్పకుండా మంచం మీద కూలబడ్డాడు.

"ముందే ఎవడో సెప్పీసినాడు తమ్ముడూ. ఆ సమాదులు, ఆ కుర్రోడు, అన్నీని. నాను నోరు తెరవగానే, 'అచ్ఛా, మీ సరాయ్‌లో ఇదీ మొదలైందా' అని నవ్వుకున్నారు. ఇంకేటి మాటాడతాను? ఎవడంటావు?"

నేను టీ పెట్టడానికి లేచాను. "కోచింగ్‌లో ఎవడో అయ్యుంటాడన్నా. నువ్వు అందరికీ చెబుతావు కదా."

"అవును, నా నోరే నా సెత్రువు. నిన్నేటడిగినారు?"

"వరదల గురించి."

ఫలితాల్లో నా పేరుంది. ఆయన పేరు లేదు. నన్ను కౌగిలించుకుని, మిఠాయి తినిపించి, ఊరి రైలెక్కాడు.

నేను ఆ పని చెయ్యకపోయినా ఆయనకు ఉద్యోగం రాకపోయేదేమో. ఆ ఊరటను ఇన్నేళ్ళూ పట్టుకుని వేలాడాను. కానీ అన్ని అబద్ధాల మధ్య నిజం రాసిన ఒక్క మనిషిని దొంగలా నిలబెట్టింది నేను. పైగా తప్పు తన నోటిదే అనుకునేలా చేసి పంపాను. ఆ తర్వాత ఆయన తనకు ఇష్టమైనదాని గురించి ఎవరి దగ్గరైనా మనసు విప్పాడో లేదో. ఆయనకు ఉద్యోగం రాకపోవడం కన్నా ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఆయన ఉన్నాడో లేడో కనుక్కోలేదు. భయం. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఈ ఒక్క మాట బయటికి వస్తే చాలు, కాస్త ఊపిరాడుతుంది. ఎవడంటావని అడిగావు కదా అన్నా. నేనే.