బొమ్మను నమ్మొద్దన్న టీచరమ్మ

మా గల్లీ లెక్కల టీచరమ్మ పోయారన్న కబురు నాకు ఆఫీసులో ఉండగా తెలిసింది. మా మరిది ఫోన్ చేశాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆరోజు "వదినా" అని ఆగిపోయాడు. వెనక ఎవరో ఏడుస్తున్నారు. మా అత్తకే ఏదో అయిందనుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"టీచరమ్మ పోయింది వదినా. కూసున్నది కూసున్నట్టే ఒరిగిపోయింది."

మళ్లీ కూర్చున్నాను. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది ఆవిడే. అందుకే ఈ నాలుగు మాటలు.

నా భర్త సర్కారు వర్క్‌షాపులో మెకానిక్. ఒక మధ్యాహ్నం ఛాతీ పట్టుకుని పడిపోయాడు, మళ్లీ లేవలేదు. ఆయన బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు, కాకపోతే పదో తరగతి పాసై ఉండాలి. నేను తొమ్మిదితో బడి మానేసినదాన్ని. ఓపెన్ స్కూల్లో కట్టి అన్నీ గట్టెక్కాను, లెక్కల్లో తప్పాను. గడువులోపల ఇంకొక్క పరీక్షే మిగిలింది.

మా మరిది పది పాసైనవాడే. కిరాయి ఆటో నడుపుకుంటున్నాడు. "నౌకరి నాకు రాసియ్యి వదినా, నిన్ను, పిల్లను నేను జూస్కుంట" అనేవాడు. చూసుకునేవాడే కావచ్చు. కానీ నా కూతురికి చెప్పులు కావాలన్నా అతని ముందు నిలబడి అడగాలి.  అత్త ఎటూ చెప్పేది కాదు. కొడుకు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లిపోయేది.

టీచరమ్మ మా ఎదురింట్లో ఒక్కరే ఉండేవారు. హైదరాబాదు పాతబస్తీ సర్కారు బడిలో చెప్పి రిటైరయ్యారు. మొఘల్‌పురాలో మా వయసు వాళ్లలో సగంమంది ఆవిడ దగ్గర తిట్లు తిన్నవాళ్లే. నేను భయపడుతూనే వెళ్లి సంగతి చెప్పాను. ఆవిడ టీ సాసర్లో పోసుకుని, చల్లారేదాకా ఊదుకుని తాగి, అప్పుడు అడిగారు.

"ఏడ పోతున్నది నీకు?"

"రేఖాగణితం టీచరమ్మా. సిద్ధాంతాలు మొత్తం బట్టీ పట్టిన. పేపర్ల బొమ్మ జర మారితే ఏం సమజ్ గాదు."

"బట్టీ పట్టినవు గనుకనే గట్లయింది. రేపటి సంది రా. నాకు గూడ ఒకసారి లెక్కలు పోయినయి. ఏడ్వకు."

మరునాటి నుంచి ఉద్యోగం కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరగడం అయ్యాక సాయంత్రాలు అక్కడే. ఇంటి ముందు వరండాలో షాబాద్ బండల మీద సుద్దముక్కతో గీసేవారు. ఆ సుద్దముక్క ఎప్పుడూ చీరకొంగుకు ముడేసి ఉండేది. ఏడో తరగతి పాఠాల నుంచి మొదలుపెట్టారు. రెండు సమాంతర రేఖలు, వాటిని అడ్డంగా కోసే గీత, ఏకాంతర కోణాలు. త్రిభుజంలో మూడు కోణాలు కలిస్తే నూట ఎనభై ఎందుకవుతాయో, శీర్షం మీదుగా భూమికి సమాంతరంగా ఒక్క గీత గీసి చూపించారు. అది చూసి నాకు సిగ్గేసింది. అంత తేలికైన సంగతిని ఇన్నేళ్లు దేవుడి మాటలా ఒప్పుకుని ఊరుకున్నాను.

ఆవిడకు ఓపిక తక్కువ. ఒక సాయంత్రం రెండు త్రిభుజాలు గీసి, ఇవి సర్వసమానాలా అని అడిగారు. అవునన్నాను.

"ఎట్ల చెప్తవ్?"

"చూస్తే ఒక్కతీరే ఉన్నయి గదా."

చెక్క స్కేలుతో బండ మీద ఫట్‌మని కొట్టారు. "బొమ్మను నమ్మకు! బొమ్మ అబద్ధం చెప్తది. నీకు ఇచ్చిందేంది, అడిగిందేంది, ఆ రెండు ముందు రాయి. ఇచ్చిన దాంట్ల నుంచి కారణం తియ్యి. కారణం లేకుంటే నోరు తెరవకు."

మా మరిది ఆ మాటల మధ్యలోనే వచ్చాడు. తాగలేదు, కోపంగా ఉన్నాడు. ఆటో యజమాని బండి వెనక్కి తీసుకుంటానన్నాడట. "గిదంత ఏం లొల్లి టీచరమ్మా? ఆమె పాస్ గాదు. గడువు దాటితే మా అన్న నౌకరి ఎవ్వరికి గాకుండ పోతది. గామెకు మీరన్న చెప్పుండ్రి" అన్నాడు. గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. నేను తల వంచుకున్నాను.

టీచరమ్మ సుద్ద చేతులు కొంగుకు తుడుచుకుని లేచారు. "పరీక్ష అయినంక రా. అప్పటిదాంక ఈ గడప దిక్కు రాకు" అన్నారు. అతను వెళ్లిపోయాడు. ఆవిడ కూర్చుని మళ్లీ ఆ రెండు త్రిభుజాల దగ్గరే ఆగి, "ఊఁ, ఇచ్చిందేంది?" అన్నారు.  నేను భుజాల పొడవులు చదివాను.

పరీక్ష కేంద్రం మూసీకి అవతల పడింది. ముందురోజు నుంచి ఒకటే వాన. పైన జలాశయాల నుంచి నీళ్లు వదిలారని, కింది వంతెనలు మూసేశారని పొద్దున్నే చెప్పుకుంటున్నారు. బస్సు లేదు. పిలిచిన ఆటో ఏదీ రానంది. నేను హాల్ టికెట్ కవర్లో చుట్టుకుని గడపలో నిలబడి ఉండగా టీచరమ్మ గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చారు. నా వైపు చూడకుండా మరిది గది తలుపు కొట్టారు.

"ఆటో తియ్యి."

అతను ఆవిడను చూశాడు, నన్ను చూశాడు. తాళంచెవి తీసుకున్నాడు.

ఆవిడ నా పక్కనే ఎక్కి కూర్చున్నారు. ఊళ్లో బండ్లన్నీ పురానాపూల్ మీదికే వచ్చినట్టున్నాయి. వంతెన మధ్యలో ఇరుక్కుపోయాం. కింద నీళ్లు బురద రంగులో, చెట్లకొమ్మలు మోసుకుంటూ పోతున్నాయి. మరిది ఇంజన్ ఆపేశాడు. 

అతను వెనక్కి తిరగకుండానే అన్నాడు. "వదినా, నువ్వు తప్పినవంటే ఇద్దరం ఆగమైతం."

"తప్పుతదని నీకెట్ల ఎరుక? కారణం చెప్పు" అన్నారు టీచరమ్మ.

అతను అద్దం మీది ఆవిరి తుడిచాడు.

ఆవిడ గొంతు తగ్గించారు. "మీ అన్న ఉన్నప్పుడు మీ అమ్మ మందులకు ఎవలు పోయేటోళ్లు?"

"వదినే."

"పాసైతే బంద్ చేస్తదా?"

 అతను హ్యాండిల్ వదిలి వానలోకి దిగాడు. "భాయ్, ఇమ్తెహాన్ హై! జరా రాస్తా దేవ్ భాయ్!" అంటూ పరీక్షకు దారివ్వమని అరుస్తూ ముందున్న బండ్లను ఒక్కొక్కటిగా పక్కకు జరిపించాడు. ఎవరో ఒకాయన స్కూటర్ దిగి అతనితోపాటు తోశాడు. గేటు మూస్తుండగా చేరాం.

లోపల నా వేళ్లకు పట్టు చిక్కలేదు. బాహ్య బిందువు నుంచి వృత్తానికి గీసిన స్పర్శరేఖలు సమానమని చూపమన్నారు. వృత్తలేఖిని కాలు జారి వృత్తం వంకర వచ్చింది. ఒక స్పర్శరేఖ పొడుగు, ఒకటి పొట్టి. ఈ బొమ్మతో సమానమని ఎలా చూపిస్తాను?  అప్పుడు బండ మీద ఆ స్కేలు దెబ్బ వినిపించింది. బొమ్మ ఎలా ఉంటే ఏమిటి? వ్యాసార్థాలు సమానం. అవి స్పర్శరేఖలకు లంబం. కర్ణం రెండు త్రిభుజాలకూ ఒకటే. కాబట్టి త్రిభుజాలు సర్వసమానం. ఒక్కో వాక్యం పక్కనా కారణం రాశాను. 

బయటికి వచ్చేసరికి ఇద్దరూ ఆటోలోనే ఉన్నారు. టీచరమ్మ చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. బాగా రాశావా అని అడగలేదు. "కారణాలు అన్ని రాసినవా?" అన్నారు, అంతే.

ఫలితాలు మొదట చూసింది మరిదే. ఫోన్ పట్టుకుని గల్లీలో పరిగెత్తుకొచ్చాడు. అత్త ముప్పావు ఏడుస్తూ, పావు నవ్వుతూ నా తల నిమిరింది. టీచరమ్మ లోపలికి వెళ్లి చక్కెర తెచ్చి నా నోట్లో పోసి, "గీ మార్కులతోని ఖుష్ గాకు. ఇగ భయం లేకుండ మొదటి సంది చదువు" అన్నారు. చదివాను. ఉద్యోగంలో చేరాక కూడా ఆదివారాలు ఆ వరండాలోనే గడిచాయి. మొదటి ఏడాదిలోనే మరిది సొంత ఆటో అప్పుకు నేను జామీను సంతకం పెట్టాను. అతను ఆవిడను కంటి ఆస్పత్రికి తిప్పేవాడు, దారి పొడుగునా తిట్లు తినేవాడు.

ఆరోజు నేను ఇల్లు చేరేసరికి ఆవిడను వరండాలో పడుకోబెట్టారు. అందరం ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది, నన్ను చూసి జరిగి చోటిచ్చింది. మరిది పాడెకు ముందు భుజం పట్టాడు. పురానాపూల్ శ్మశానం వైపు తీసుకెళ్లారు. ఆడవాళ్లం మిగిలిపోయాం.

వచ్చినవాళ్లకు కుర్చీలు చాలకపోతే మేడ మీదివి తెమ్మని ఎవరో అన్నారు. పైకి వెళ్లాను. తీగ మీద ఆవిడ నీలం నేత చీర ఆరేసి ఉంది. పొద్దున ఆవిడే ఆరేసి దిగినట్టున్నారు, ఎవరూ తీయలేదు. గాలికి నిండుగా ఉబ్బి, మెల్లగా పడిపోయి, మళ్లీ ఉబ్బుతోంది. తీద్దామని అంచు పట్టుకున్నాను. మడత పడినచోట అది ఇంకా తడిగానే ఉంది. ఆరనీ అని వదిలేశాను.