మేనత్త ఇంటి తూర్పు హద్దు

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో ధ్యానం తరగతిలో చేరుతూ, పేజీల కొద్దీ ఉన్న షరతులు చదవకుండానే ఒప్పుకున్నట్టు నొక్కేస్తుంటే, మా మేనత్త వేలిముద్ర కళ్లముందు కదిలింది.

డెబ్బైల చివర, నేను పాలిటెక్నిక్ పూర్తిచేసి వరంగల్‌లో రోడ్ల శాఖలో కొత్తగా చేరిన రోజులవి. నెక్కొండలో ఒంటరిగా ఉండే మేనత్త, భజనల మీద ఇష్టంతో హనుమకొండ శివారులోని ఒక ఆశ్రమంలో చేరింది. దీక్షనాడు అక్కడ అందరిచేతా ఖాళీ స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవారు. ఐదేళ్లకు, భజన తగ్గి ఊడ్పు పని పెరిగిందని ఆమె ఇంటికి వచ్చేస్తే, వారం తిరక్కముందే వకీలు నోటీసు వచ్చింది: దీక్షనాడే ఇల్లు ఆశ్రమానికి రాసిచ్చింది కనుక తిరిగి రావాలి, లేదా ఇల్లు ఖాళీ చేయాలి. అంతకుముందు బయటికొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఇలాంటి నోటీసుకే జడిసి మళ్లీ వెళ్లి చీపురు పట్టారట.

"ఇల్లు పోతాంది బిడ్డా. కోర్టుల సుట్టు నేనేడ తిరగాలె. మల్ల ఆడికే పోత," అంది మేనత్త.

ఏ కాగితమైనా నంబర్లు వేసుకుని చదవడం నా అలవాటు. నోటీసుతో పంపిన పత్రం నకలు చేతికి తీసుకున్నాను. ఒకటి, తేదీ, రెండు, వేలిముద్ర, మూడు, హద్దులు. అక్కడ ఆగిపోయాను. ఐదేళ్ల కిందటి తేదీ వేసిన పత్రంలో తూర్పున తారురోడ్డు అని ఉంది. ఆ రోడ్డుకు కిందటి ఎండాకాలమే గొలుసు పట్టి కొలిచి ముగ్గు పోయించింది నేనే. అప్పటిదాకా అక్కడ పెసర చేను.

మరునాడు ఇద్దరం ఆశ్రమానికి వెళ్లాం. ప్రసాదం వరుస పక్కనే కూర్చున్న మేనేజరు, "కోర్టు మెట్లు ఎన్నడన్న ఎక్కినవా పోరడా?" అని వెక్కిరించాడు. నేను రోడ్డు పటం పరిచి సంగతి చెప్పాను. అంతవరకూ నా వెనక నిలబడిన మేనత్త ఒక్కసారిగా ముందుకొచ్చింది.

"మీ స్వామికి రేపటిది కనబడతదంటే నమ్మకపోతి సారూ. రోడ్డు పడకముందే రాసిండు గదా!"

వరుసలోని వాళ్లంతా గొల్లుమన్నారు. నవ్వు ఆగకముందే ఆమె, "నా కాగితమొక్కటే కాదు, ఆ ఇద్దరివి సుత తియ్యి, లేకుంటే ఠాణాకు పోతం," అంది. మేనేజరు గొణుక్కుంటూనే బీరువా తెరిచాడు.

అప్పట్నుంచి శనివారం భజన మేనత్త అరుగు మీదే, తాళం తప్పినా ఎవరికీ ఫికరు లేకుండా సాగేది. ఆశ్రమం విడిచినవాళ్లు ఒక్కొక్కరే అక్కడికి చేరి, తమకొచ్చిన నోటీసులు నాచేత చదివించుకునేవారు. నలుగురి మధ్య పైకి చదివేసరికే సగం భయం పోయేది. ఇప్పుడు ఊళ్లో వకీళ్లకు కొదవ లేదు కానీ అరుగులు లేవు. భయపడ్డ మనిషి ఎక్కడ కూర్చుని, ఎవరికి వినబడేలా చదివించుకోవాలో!