లారీ మీది నవ్వు

మొన్న వనపర్తిలో మా మనవరాలు ఇంగ్లీషు పాఠం చదువుకుంటూ 'బ్లైత్' అంటే ఏమిటని అడిగింది. నా పాత నిఘంటువులో సంతోషంగా, ఉల్లాసంగా అని ఉంది, దాని ఫోనులోనేమో పట్టింపు లేకుండా అని కూడా ఉంది. చింత లేకుండా నవ్వేవాళ్లను చూసి, చింతపడాల్సిన చోట కూడా వీళ్లకు పట్టదేమోనని జనం అనుకుంటూ పోయారు కాబోలు, ఆ మాట మెల్లగా అటు ఒరిగింది. అది చెబుతుంటే నాకు అయిజ ఊరు గుర్తొచ్చింది.

అక్కడి బడిలో టీచరుగా కొత్తగా చేరిన రోజులవి, అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఏడో తరగతి పిల్ల తల్లి ఒకామె కూలి గుంపుతో దూరప్రాంతానికి మట్టిపనికి పోతూ, బిడ్డకు హాస్టల్లో సీటు కోసం నా ఉత్తరం అడగడానికి వచ్చింది. సీటు దొరక్కపోతే పిల్లను వంటకు వెంట తీసుకుపోవడమే, చదువు అంతటితో సరి. అంత మాట కూడా ఆమె నవ్వుతూ చెప్పేసరికి నాకు ఒళ్లు మండింది, తల్లికే లేని బాధ నాకెందుకని రేపు చూద్దామన్నాను.

మర్నాడు బడికి పోతుంటే బస్టాండు దగ్గర లారీ నిండా జనం. ఆమె పైన కూర్చుని అందరినీ ఆటపట్టిస్తూ పకపకా నవ్వుతోంది, పక్కన మూటల మధ్య నా విద్యార్థిని. నేను మొహం చిట్లించడం చూసి, కింద ఆమె చిన్నకూతుర్ని ఎత్తుకుని నిలబడ్డ అత్తగారు దగ్గరికొచ్చింది.

"గట్ల నవ్వుతుందని తప్పు పట్టకు మేడం. లారీ ఎక్కేటప్పుడు మా తాన ఎవ్వరు ఏడ్వరు. తల్లి ఏడిస్తె ఈ పసిది అన్నం ముట్టదు. ఏడ్చేదంత పొద్దుగాల్నే చెల్కచేన్ల కూసోని ఏడ్చొచ్చింది."

నవ్వును పట్టనితనమని తేల్చడానికి ఇంగ్లీషువాళ్లకు వందల ఏళ్లు పట్టింది, ఆ తల్లి విషయంలో నేను ఒక్క పూటలో తేల్చేశాను. ఉత్తరం ఇప్పుడే రాస్తాను, సీటు వచ్చేదాకా నా గదిలో ఉంటుంది, పిల్లను దింపమని గట్టిగా అరిచాను. పిల్ల దిగింది. లారీ మలుపు తిరిగేదాకా ఆ తల్లి నవ్వుతూనే చెయ్యి ఊపింది.

ఆ పిల్ల ఇప్పుడు కల్వకుర్తి దవాఖానలో నర్సు, పండక్కి ఫోను చేస్తుంది. చేలకు కాలువ నీళ్లొచ్చి ఆ లారీలూ తగ్గాయి, అందుకు నాకు ఎంతో సంతోషం. అయినా ఎదుటివాళ్ల కోసం దిగులు మింగి నవ్వే అలాంటి నవ్వు మళ్లీ ఎక్కడా చూడలేదు.

మనవరాలికి రెండు అర్థాలూ రాయించాను. రెండోది చెప్పేటప్పుడు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు సిగ్గేసింది.