ఉప్పు చూసేవాడితో తగాదా

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆకలిని ఇచ్చినవాడూ ఆయనే, ఆ ఆకలికి తగిన ముద్దను ఇచ్చినవాడూ ఆయనే. మనిషి గుండెలో కోపాన్ని పెట్టి, దాన్ని మింగడానికి ఒక గొంతునూ ఇచ్చాడు. ఆ గొంతును వాడుకోవడం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది కాబట్టి, ముందు ఆయన్ను స్తుతించాకే ఈ సంగతి చెప్పడం నాకు మర్యాద.

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, కోపానికి మాత్రం నిండు యవ్వనం. మెట్‌పల్లి మదర్సాలో నాలుగేళ్లు చదివి, ఖతర్ వచ్చి, దోహాలో అల్ అజీజియా దగ్గర ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగే పనిలో చేరాను. (మా అమ్మ ఊళ్లో అందరికీ ‘మావాడు దుబాయ్‌లో బేకరీ నడుపుతున్నాడు’ అని చెప్పింది. దుబాయ్ కాదు ఖతర్ అని ఫోన్‌లో దిద్దాను, బేకరీ సంగతి దిద్దలేదు.) నాకు కోపం తెప్పించని వస్తువు ఆ వంటింట్లో లేదు. సబ్బు నురగ రాకపోతే కోపం, ఎక్కువ వస్తే ఇంకా కోపం. అయితే దాన్ని నేను కోపం అనుకునేవాణ్ని కాదు, ధర్మం మీద అభిమానం అనుకునేవాణ్ని. ఎవరినైనా తిట్టే ముందు మనసులో బిస్మిల్లాహ్ అనుకునేవాణ్ని కూడా. ఆ కుర్రవాణ్ని, అంటే నన్నే, తలచుకుంటే చాలా ఏళ్ల దాకా నాకు ఒళ్లు మండేది.

మా హోటల్‌కు పేరు తెచ్చింది స్ట్రాంబోలి అనే రొట్టె. ఇటలీ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు చేసుకున్నదట. పులిసిన మైదా పిండిని చాపలా పరిచి, దాని మీద పొగబెట్టిన చికెన్ ముక్కలు, చీజ్, ఆలివ్‌లు, వేయించిన పాలకూర సర్ది, చాప చుట్టినట్టు చుట్టి, అంచులు నొక్కి, పైన ఆవిరి పోవడానికి గాట్లు పెట్టి కాల్చాలి. మా వంటింటి పెద్ద, ఈజిప్టు మనిషి, అందరూ ఉస్తాద్ అనేవాళ్లు, ఆ పిండిబల్ల దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. నేను సింక్ దగ్గర నిలబడి ఏడాదిపాటు ఆయన చేతులనే చూస్తూ నేర్చుకున్నాను. గిన్నెల నుంచి ఆ బల్ల దగ్గరికి మారాలన్నది నా ఒకే ఒక్క ఆశ. రోజూ ఐదు నమాజుల తర్వాతా అదే అడిగేవాణ్ని. (స్వర్గం కూడా అడిగేవాణ్ని, దాని తర్వాత.)

ఆ ఏళ్లలో రమజాన్ మండు వేసవిలో వచ్చేది. వంటింట్లో ఎనిమిది మందిమి, ఏడుగురం ఉపవాసం. ఎనిమిదోవాడు కూరగాయలు కోసే జగిత్యాలన్న, మా దిక్కు నుంచే వచ్చిన హిందువు. ఉపవాసంలో ఉన్నవాడు వంటకం రుచి చూడడు కాబట్టి, ఆ నెలంతా మా వంటింటి మొత్తానికీ ఒకటే నాలుక, అది ఆయనది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఒక్కొక్కరం గరిటె పట్టుకుని వెళ్లి ఆయన ముందు నిలబడాలి. (ఆ నెల రద్దీ వల్ల ఒక సూప్ గిన్నె నాకూ అప్పజెప్పారు.) ఆయన కళ్లు మూసుకుని, “చాలు” అనో, “ఇంకింత పడాలె” అనో తీర్పు చెప్పేవాడు. ఉస్తాద్ అంతటివాడు కూడా ఆ తీర్పు కోసం చేతులు కట్టుకుని ఎదురుచూసేవాడు.

నాకు కోపం తీర్పు మీద కాదు, తినే పద్ధతి మీద. సూప్ అయితే గిన్నెడు తాగేవాడు. రొట్టె అయితే కొస తుంచి, తర్వాత నడుమ తుంచి, చివరికి “ఈ దిక్కు గూడ చూడాలె గద” అని రెండో కొస కూడా తుంచేవాడు. పైగా నములుతూ ముక్కుతో ఒక రాగం తీసేవాడు. ఎండాకాలంలో పద్నాలుగు గంటలు నోరు ఎండగట్టుకున్నవాళ్ల ముందు ఆ రాగం. పదో ఉపవాసం నాడు నాకు ఓర్పు తెగింది.

“అన్నా, నువ్వు ఉప్పు చూస్తున్నవా, బువ్వ తింటున్నవా?” అన్నాను.

“ఉప్పు నాలిక మీద తెలుస్తది తమ్మీ. రొట్టె మంచిదా కాదా అన్నది కడుపులకు పోతేనే తెలుస్తది.”

“మా ఉపవాసాలంటే నీకు ఆటలెక్క ఉన్నది.”

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. తిండిపోతుతనం గురించి మదర్సాలో విన్నదంతా, విననిది కొంత కలిపి, అరగంట ప్రసంగం చేశాను. ఆయన ఉల్లిగడ్డలు కోస్తూ మొత్తం విన్నాడు. అయ్యాక కత్తి పక్కన పెట్టి, “మంచిగ చెప్పినవ్. ఇగ నీ గరిటె నా దగ్గరికి తేకు. నా నాలిక నీకు లేదు” అన్నాడు. నేను కూడా అక్కర్లేదన్నాను. (ఆ నెలలో ఇది రెండో ప్రసంగం. మొదటిది మా కూరల వంటవాడు ఢాకా భాయ్ మీద. పాపం అతను కూర ఉప్పును నాలుక చివర తాకించి ఉమ్మేశాడు. అవసరం పడితే అందుకు అనుమతి ఉందని పండితులు చెప్పారు, అది నాకూ తెలుసు. అయినా అందరి ముందూ అతన్ని నిలదీశాను.)

తగాదా అయిన మూడో రోజే నా దుఆ, ఆ బల్ల కోసం చేసిన వేడుకోలు, ఫలించింది. రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంట్లలో షిఫ్టు పనివాళ్లకు ఇఫ్తార్ పొట్లాలు కావాలని ఆర్డర్ వచ్చింది. వాళ్లు క్యాంప్ నుంచి డ్యూటీకి పోతూ బస్సులోనే ఉపవాసం విరమిస్తారు. ఉస్తాద్ నడుం పట్టేసి కూర్చున్నాడు. నన్ను పిలిచి, “నలభై రోల్. అంతా నువ్వే. అచ్ఛా అయితే, బుక్రా నుంచి టేబుల్ నీది” అన్నాడు. బుక్రా అంటే రేపు. నా చెవికి అంత తీయని అరబ్బీ మాట అదివరకు తగల్లేదు.

పిండి కలపడం మొదలుపెట్టాను. ఎదురుగా జగిత్యాలన్న కీరదోసకాయలు కోస్తున్నాడు. ఆయన మొహం చూడగానే, ఆ రోజు తట్టని జవాబులన్నీ ఒక్కసారిగా తట్టాయి. పిండి పిసుకుతూ లోలోపల రెండో భాగం ప్రసంగం మొదలుపెట్టాను. చాలా బాగా వచ్చింది. అది పూర్తయ్యేసరికి పిండీ ముద్దయింది. అప్పుడు ఒక చిన్న సందేహం: ఉప్పు వేశానా?

ఉప్పు డబ్బా మూత తీసే ఉంది, అది ఎప్పుడూ తీసే ఉంటుంది. ఎంత ఆలోచించినా ప్రసంగం ఒక్కొక్క వాక్యం గుర్తొచ్చింది కానీ ఉప్పు గుర్తు రాలేదు. జగిత్యాలన్నను అడగాలి, అడగను. నాలుక చివర తాకించాలి, ఢాకా భాయ్ అక్కడే నిలబడి నావైపే చూస్తున్నాడు. వాసన చూశాను. ఉప్పుకు వాసన ఉండదని ఆ రోజు తెలిసింది. చివరికి అల్లాహ్ మీద భారం వేసి ఉప్పు వేశాను. పిండి పొంగడానికి మొండికేసింది. ఉప్పు ఎక్కువైతే పిండి పొంగదని తెలిసి కూడా ఈస్ట్‌ను తిట్టాను, ఏసీని తిట్టాను. చుట్టి, గాట్లు పెట్టి, కాల్చి తీస్తే నలభై రోల్స్ బంగారు రంగులో మెరిశాయి. లోపల ఏముందో అల్లాహ్‌కే ఎరుక.

పొట్లాలు కట్టి వ్యాన్‌లో ఎక్కిస్తుంటే, ట్రేలో విరిగిపడిన ఒక కొసను జగిత్యాలన్న అలవాటుగా నోట్లో వేసుకున్నాడు. ఈసారి రాగం రాలేదు. ఊసేసి, బయటికి ఉరికి, వ్యాన్‌కు అడ్డంగా నిలబడి, “గాడీ రోకో” అన్నాడు.

నేను వెనకాలే ఉరికాను. “నా మీద కోపం రొట్టెల మీద తీసుకుంటున్నవా అన్నా? నా టేబుల్ పోగొడతవా?”

“నీ టేబుల్ సంగతి నాకెందుకు తమ్మీ? పొద్దంత గుక్కెడు నీళ్లు ముట్టనోళ్లకు ఇది పెడతవా? బస్సుల ఒక్కొక్కనికి ఒక్కటే బాటిల్ ఇస్తరు. ఇది తిన్నంక ఆ నీళ్లు యాడ సరిపోతయి?”

ఉస్తాద్ నడుం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. “సహీ బాత్?” అని అడిగాడు.

“నమక్, ఉస్తాద్. పూరా సముందర్.”

ఉపవాసం ఉన్నది నేను. రెండు వారాలుగా అందరికీ ఉపవాసం అంటే ఏమిటో బోధించిందీ నేనే. బస్సులో కూర్చున్న ఆ మనుషుల దాహం మాత్రం ఆయనకు గుర్తొచ్చింది, నాకు నా బల్ల గుర్తొచ్చింది. ఇది ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు మాత్రం నాకు ఆయన్ను నమిలేయాలనిపించింది.

ఉస్తాద్ “యల్లా”, అంటే కానివ్వండి, అన్నాడు. ఎనిమిది మందిమీ రోల్స్ నిలువునా చీల్చి, లోపలి కూరను గీకి తీసి, అరబ్బుల పలుచటి రొట్టె ఖుబ్జ్‌లో చుట్టడం మొదలుపెట్టాం. నా చేతులతో చుట్టినవాటిని నా చేతులతోనే గీకుతుంటే కోపంతో నాకు కన్నీళ్లు కారాయి. పక్కనే జగిత్యాలన్న నాకంటే వేగంగా గీకుతూ, వేలు నాకి, “కూర మాత్రం మంచిగున్నది తమ్మీ, అబద్ధమెందుకు” అన్నాడు. ఆ మెచ్చుకోలుకు ఇంకా మండింది. వ్యాన్ గంట ఆలస్యంగా కదిలినా, బస్సు బయలుదేరే వేళకు అందింది.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడి, ఖర్జూరం నోట్లో వేసుకోగానే, ఉస్తాద్ ఒక గీకిన రోల్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక్క ముక్క కొరికాను. వివరించను. మూడు గ్లాసుల మజ్జిగ తాగాక తలెత్తితే, ఆయన చూపుడువేలు సింక్ వైపు చూపిస్తోంది. “బుక్రా, అక్కడ.”

పండుగ దాకా గిన్నెలు కడిగాను. ఆ రోజు ఉపవాసం మాత్రం నన్ను గుచ్చుతూనే ఉంది. అబద్ధాన్నీ చెడునడతనూ వదలనివాడు అన్నపానాలు వదిలినందువల్ల అల్లాహ్‌కు పనిలేదని చిన్నప్పుడు నేర్చుకున్న మాట, సబ్బు నురగలో కూడా కనిపించేది. పండుగ అయిన వారానికి, ఎవరూ చెప్పకపోయినా, ఆ రోజుకు బదులుగా ఒక ఉపవాసం పట్టాను.

మజ్జిగ వద్దనగానే జగిత్యాలన్న పసిగట్టాడు. “పండుగ ఒడిసిపాయె గద, ఇంక ఉపాసమేంది?”

“ఒకరోజుది సరిగ్గ కాలే అన్నా.”

“ఆ రొట్టెల దినందా?”

తలూపాను. ఆయన కాసేపు టమాటాలు కోసి, “అయితే ఇయ్యాల నేను గూడ ఏం ముట్ట. ఆనాడు నా తిండి వల్లనే గద నీకు కోపమొచ్చింది” అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి చూస్తే, స్టోర్ తలుపు వెనక నిలబడి గుడ్డు పఫ్ తింటున్నాడు, రెండో చేతిలో ఇంకొకటి. నన్ను చూసి నమలడం ఆపేశాడు.

“మరిచిపోయిన తమ్మీ.”

“మరిచిపోయి తింటే మా ధర్మంలో ఉపవాసం పోదు అన్నా. అల్లాహ్ తినిపించినట్టే.”

“అట్లనా? మంచి దేవుడు.” కొంచెం ఆలోచించి, “గా రెండోది గూడ మరిచిపోతా మరి” అన్నాడు.

ఖతర్ వచ్చాక నేను గట్టిగా నవ్వింది అప్పుడే అనుకుంటాను. పిండిబల్ల నాకు ఆ తర్వాత ఏడు నెలలకు దక్కింది. ఇప్పుడు అల్ వక్రాలో ఒక వంటింటికి నేనే పెద్దను. కోపం తగ్గిందని చెప్పను, మొన్నటి రమజాన్‌లో కూడా ఒక గరిటె విసిరాను. కాకపోతే విసిరాక నేనే వెళ్లి ఏరుకున్నాను. ఇరవై రెండేళ్ల నన్ను తలచుకుంటే ఇప్పుడు మందలించాలని కూడా అనిపించదు, పక్కన కూర్చోబెట్టుకుని కాసిని నీళ్లు ఇవ్వాలనిపిస్తుంది.

ఇంతదాకా చదివిన సోదర సోదరీమణులారా, చేతులెత్తి నాతో పాటు దుఆ చేయండి. ఓ అల్లాహ్, జగిత్యాలన్నకు ఆయన ఊళ్లో ఆరోగ్యాన్నీ ఆకలినీ నిండుగా ఉంచు. మా ఉపవాసాలను ఒట్టి దాహంగా మిగల్చకు. మా పాపాలను మన్నించు, కోపంతో చేసిన మా పుణ్యాలను అంతకంటే ముందు మన్నించు. ఆమీన్.